పద్యం పాడే చెయ్యి, బియ్యం చెరిగే చెయ్యి: ఒక బయోపిక్ పాత్ర తయారీపై కేస్ స్టడీ

మొదటి రోజు ఆ అమ్మాయి నా క్లాసుకి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే ఒక పద్యం పాడి వినిపించింది. గడ్డం కాస్త పైకెత్తి, కుడిచెయ్యి భుజం దాటి చాచి, చివర రాగం తీసింది. ఆ రాగం మధ్యలో ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. ఆమె దగ్గరున్న పాత వీడియోలో ఆ రంగస్థల నటి సరిగ్గా అలాగే పాడింది. ఫోన్లో వీడియో పెట్టుకుని ఇంకోసారి పాడించి చూశాను. తేడా పట్టుకోవడం కష్టంగా ఉంది.

"చాలా బాగుందమ్మా. ఇప్పుడు నాటకం అయిపోయింది. తెల్లవారుజామున మూడింటికి ఇంటికొచ్చావు. తాళం తీసి లోపలికి రా" అన్నాను.

తాళం తీసింది. గడ్డం పైకెత్తి, కుడిచెయ్యి చాచి తీసింది.

ఏడు వారాల పాటు మేం పని చేసింది ఆ తాళం మీదే.

నేను హైదరాబాద్‌లో సినిమా నటులకి శిక్షణ ఇస్తుంటాను. ఈ అమ్మాయి వయసు 26. అప్పటికి రెండు వెబ్ సిరీస్‌లలో చిన్న పాత్రలు చేసింది. ఇదే మొదటి ప్రధాన పాత్ర. 1960లలో, 70లలో కోస్తా ఊళ్ళల్లో పద్య నాటకాలు ఆడి ఇంటిల్లిపాదినీ పోషించిన ఒక నటి జీవితం ఆ కథ. ఆమె ఇప్పుడు లేరు, కూతురు ఉన్నారు. ఆ కుటుంబం కోరిక మేరకు ఎవరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. మా చేతిలో ఉన్న సరంజామా తక్కువే: కొన్ని ఫొటోలు, రెండు ఆడియో క్యాసెట్లు, ఆమె పెద్దవయసులో జరిగిన ఒక సన్మాన సభ వీడియో. ఆ వీడియోలో ఆమె ఒక పద్యం పాడతారు. మా అమ్మాయి దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఇలాంటి పాత్ర ఎవరికి వచ్చినా నేను ముందు 'మహానటి' చూపిస్తాను. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018 మే 9న విడుదలైన సినిమా. సావిత్రి పాత్రకి కీర్తి సురేష్‌కి 66వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. తెలుగు సినిమాకి ఆ అవార్డు అందుకున్నవాళ్ళు అంతకుముందు ముగ్గురే: 'నిమజ్జనం'కి శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి. 'కర్తవ్యం' పాత్రకి కూడా కిరణ్ బేడీ ప్రేరణ అంటారు. కానీ అక్కడ పేరు వేరు, కథ వేరు. పోలిక చూసుకునే పని ప్రేక్షకుడికి లేదు. సావిత్రి సంగతి అలా కాదు. ఆమె ఎలా కళ్ళార్పుతుందో, ఎలా నవ్వు ఆపుకుంటుందో మన ఇళ్ళల్లో మూడు తరాల వాళ్ళకి తెలుసు. ఆ పాత్ర వేసే అమ్మాయికి అంతకంటే టెన్షన్ ఉండదు.

ఆ సినిమాలో 'మాయాబజార్' షూటింగ్ ఘట్టం ఉంది కదా, దాని దగ్గర నేను క్లాసు ఆపేస్తాను. 1957లో వచ్చిన అసలు సినిమాలో సావిత్రి చేసిన పనే ఎంత చిక్కుదో ముందు చూడాలి. మాయతో శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడు ఆమె గదిలో ఉంటాడు. అంటే సావిత్రి ఒంట్లో ఎస్వీ రంగారావు ఉండాలి. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వస్తుంది. అది వచ్చినప్పుడల్లా సావిత్రి భుజాలు విచ్చుకుంటాయి, ఛాతీ ముందుకొస్తుంది, కాళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది. తాను మరిచిపోయానని ఘటోత్కచుడికి గుర్తు రాగానే మళ్ళీ సిగ్గుపడే పెళ్ళికూతురు అయిపోతుంది. రంగారావు నడకని ఆమె పూర్తిగా దించలేదు. అందులోంచి బరువునీ, భుజాల్నీ మాత్రమే తీసుకుంది. నవ్వులో మాత్రం ఆడపిల్ల అలాగే మిగిలింది. అందుకే ఇన్నేళ్ళయినా అది మిమిక్రీలా అనిపించదు.

ఇప్పుడు దాని మీద కీర్తి సురేష్ పని చూడండి. సావిత్రిలా నటించాలి, ఆ సావిత్రి శశిరేఖలా నటించాలి, ఆ శశిరేఖలో ఘటోత్కచుడు ఉండాలి, ఆ ఘటోత్కచుడిలో రంగారావు కనపడాలి. ఒకే ఒంట్లో ఇన్ని పొరలు! ఇలాంటి చోట కొలిచినట్టు చెయ్యడం తప్ప దారి లేదు. ఏ మాటకి చెయ్యి ఎంత ఎత్తు లేచింది, ఏ తాళానికి మెడ ఎటు తిరిగింది, అన్నీ లెక్కే. ఆమె ఆ లెక్క ఎక్కడా తప్పలేదు.

అయితే నేను విద్యార్థులకి చూపించాలనుకునేది దాని తర్వాత వచ్చేది. కెమెరా ఆగిపోయాక ఆ పాత్ర భుజాలు ఎక్కడికి వెళ్తాయి? మద్రాసుకి కొత్తగా వచ్చిన పిల్లగా, స్నేహితులతో అల్లరి చేసేటప్పుడు, ప్రేమలో పడ్డప్పుడు, చివర్లో ఖాళీ ఇంట్లో, మనకి తెలిసిన ఆ సావిత్రి భంగిమలు ఆమె ఎక్కడా వాడుకోలేదు. వెండితెర సావిత్రి చాలా నిదానంగా కళ్ళు తిప్పుతుంది. ఇంట్లో ఉన్న ఈ సావిత్రి చూపులో తొందర, మాటలో దూకుడు ఉన్నాయి. అసలు సావిత్రి ఇంట్లో అలా ఉండేదో లేదో మనలో ఎక్కువమందికి తెలియదు. అయినా నమ్ముతాం. తెరమీద మనిషికీ ఇంట్లో మనిషికీ తేడా ఉంటుందని మన అనుభవంలో ఉన్నదే కాబట్టి. పైగా తెలుగు మాతృభాష కాని నటి, తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది. ఆ గొంతులో సావిత్రి గొంతు పోలిక లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఎడమకంటి నుంచి మాత్రమే రెండు చుక్కల కన్నీళ్ళు కార్చే సీను గురించి ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు, అది నేర్పండి మేడమ్ అని. నేను నేర్పను. అది సావిత్రి నైపుణ్యం గురించిన సీను. అది నేర్చుకుంటే ఒక విద్య వస్తుందేమో గానీ పాత్ర రాదు.

మా కేసుకి వస్తాను. మొదటి వారం గోడమీద రెండు చార్టులు పెట్టాం. ఒకదాని మీద "జనం చూసింది", రెండోదాని మీద "జనం చూడనిది" అని రాశాం. మొదటి చార్టు గంటలో నిండిపోయింది. రెండోదాని మీద ఒక్క ముక్క రాయడానికి కూడా మాకు ఏమీ లేదు. అమ్మాయి తాళం అలా తీయడానికి కారణం అదే. తెలిసిందే ఆ ఒక్క మనిషి కాబట్టి, ఎక్కడికెళ్ళినా ఆ మనిషినే వెంట తీసుకెళ్ళింది.

ఊహించి రాయొచ్చు. స్క్రిప్టులో కొంత ఉంది కూడా. కానీ బతికిన మనిషి విషయంలో ముందు వెతకాలి, దొరకనప్పుడే కల్పించాలి. పని నుంచి మొదలెడదాం అన్నాను. బెన్ కింగ్స్‌లీ 'గాంధీ' కోసం నూలు వడకడం నేర్చుకున్నాడు. 2019లో వచ్చిన 'మల్లేశం'లో ప్రియదర్శి వేసింది ఆసు యంత్రం (నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పే పనిని ఆసు పోయడం అంటారు) కనిపెట్టిన చింతకింది మల్లేశం పాత్ర. ఒక చీరకి ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు యంత్రం చేశాడు. ఆ తల్లి చెయ్యి తిరిగే సీన్లు లేకపోతే కొడుకు పట్టుదలకి బలమే ఉండదు. మల్లేశం ఎలా నడుస్తారో ప్రేక్షకుడికి తెలియకపోయినా ఆ నొప్పి తెలుస్తుంది.

నాటకాల మనిషి పని ఏమిటి? పద్యం మనకి కనిపించేది. దానికి ముందు రంగు వేసుకోవడం, చీర బిగించి కట్టుకోవడం, హార్మోనియం మీద శ్రుతి చూసుకోవడం ఉంటాయి. తర్వాత రంగు తీసుకోవడం ఉంటుంది. ఇది ఎవరూ నేర్పరు. నేను రంగు పూయించి, రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా ఆమెని నిలబెట్టి పద్యాలు పాడించాను. తర్వాత కొబ్బరినూనె, పాత గుడ్డముక్క ఇచ్చి రంగు తీసుకోమన్నాను. అద్దం ఇవ్వలేదు. వేళ్ళతో తడుముకుంటూ చెవి వెనక, మెడ మడతల్లో రుద్దుకుంది. కనుబొమల దగ్గర కొంచెం మిగిలిపోయింది, అది తనకి తెలియదు. అలాగే కూర్చుని నీళ్ళు తాగింది. ఆ ఆరు గంటల తర్వాత ఆమె కుడిచెయ్యి పైకి లేవలేదు. నేనూ ఆమెకి ఏమీ చెప్పలేదు. చార్టులో మొదటి ముక్క తనే రాసుకుంది: "ఆట అయ్యాక కుడిచెయ్యి పనిచెయ్యదు."

మూడో వారంలో కూతురుగారింటికి వెళ్ళాం. ఆవిడ వీడియో మాతో కలిసి చూస్తూ, "అమ్మాయ్, మా అమ్మ స్టేజీ మీద గడ్డం ఎప్పుడూ ఎత్తేది కాదు. ఆవాళ కాగితం చూసి పాడింది. రెండు పవర్ల అద్దాలు కదా, కిందిభాగంలోంచి చూడాలంటే తల ఎత్తాలి. అలవాటు లేక ఇబ్బంది పడింది పాపం" అన్నారు.

నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను. అద్దాలు కనిపిస్తూనే ఉన్నాయి. ముందున్న కాగితం కూడా ఒక షాట్‌లో కనిపిస్తుంది. అయినా నాకు తట్టలేదు. ఆమె శైలి అనుకుని మేం ఇద్దరం కొలిచి దించుకున్నది ఒక ముసలావిడ కళ్ళజోడు ఇబ్బందిని. పైగా దాన్ని ముప్పై ఏళ్ళ వయసు పాత్రకి తగిలించాం. ఈ తప్పు నాది. రికార్డు ఎప్పటిది, ఆ రోజు ఆమె ఏ స్థితిలో ఉంది, ఎందుకలా చేసింది అని అడక్కుండా దించుకోమని చెప్పాను. అప్పటినుంచి ఏ వీడియో ఇచ్చినా మొదట తేదీ, వయసు, ఆ రోజు ఒంట్లో బాగుందా అన్నవి రాయించుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిన మాటలతో రెండో చార్టు నిండింది. అమ్మ ఇంట్లో గట్టిగా మాట్లాడేది కాదట. గొంతు ఆటకే దాచుకునేది. పిల్లల్ని అన్నానికి పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేదట. చేటలో బియ్యం చెరుగుతూ పెదాలు కదపకుండా పద్యాలు వల్లె వేసుకునేదట. "ఏ పద్యమో మాకు తెలిసిపోయేది. చేట కదిలే తీరు మారేది" అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో అమ్మాయి ఒళ్ళో చున్నీ పరుచుకుని చేట కదిపినట్టు చేతులు కదుపుతూ కూర్చుంది. పద్యం పాడే చెయ్యీ బియ్యం చెరిగే చెయ్యీ ఒకటే అని అప్పుడు తెలిసింది మాకు. నాటకం మనిషి ఇంట్లోకి ఎలా వస్తుందో వెతుక్కుంటున్నాం, అది చేటలో దొరికింది. ఎంత చిన్న కదలిక! నిజానికి మొదటి రోజు తాళం సీను పూర్తిగా తప్పు కాదు. నాటకం ఇంటికి రావాల్సిందే. వచ్చేటప్పుడు భంగిమ బయట వదిలేసి లయ మాత్రం తెచ్చుకోవాలి.

నాలుగో వారంలో కొత్త సమస్య వచ్చింది. స్టేజీ మీది ఠీవి తీసేయమన్నాను కదా, ఇంటి సీన్లలో అమ్మాయి భుజాలు వంచేసి, మాట సన్నగా చేసి, ప్రతి చూపులోనూ "నా కష్టం చూడండి" అన్నట్టు చేయడం మొదలెట్టింది. బయోపిక్‌లలో ఇది చాలా మామూలు జబ్బు. చివర్లో ఆ మనిషికి ఏం జరుగుతుందో నటికి ముందే తెలుసు. ఆ జాలి మొదటి రీలు నుంచే మొహం మీదకి వచ్చేస్తుంది. సావిత్రి కథలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తాగుడు, అప్పులు, నెలల తరబడి కోమా, 1981 డిసెంబర్ 26న మరణం, అన్నీ చూసేవాళ్ళకి ముందే తెలుసు. 'మహానటి' రెండో సగంలో కీర్తి సురేష్ మీద ప్రోస్థటిక్ మేకప్ ఉంటుంది, ఒళ్ళు బరువెక్కుతుంది. కానీ ఆ బరువు చూసి మనల్ని జాలిపడమని ఆమె అడగదు. ఎదుటివాళ్ళ ముందు మామూలుగా ఉండాలనే ప్రయత్నమే చేస్తుంది. తాగిన మనిషి తూలాలని చూడదు, సరిగ్గా నడవాలని చూస్తుంది. ఆ ప్రయత్నం కనిపిస్తేనే తాగినట్టు. 'దేవదాసు'లో ఆ మత్తు కళ్ళ కోసం అక్కినేని రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని షూటింగ్‌కి వచ్చేవారని మన పెద్దలు చెప్పుకుంటారు. నిద్ర ఆపుకోవడానికి పడే కష్టమే తెరమీద మత్తయింది.

నేను చేసింది ఇంత: పాత్ర పెద్దవయసు సీన్లకి రెండు కిలోల ఇసుక సంచులు నాలుగు కుట్టించి నడుముకి, తొడలకి కట్టాను. "బరువున్నట్టు నటించకు. ఎవరికీ తెలియకుండా దాచు. నేల మీంచి లేచి, గడప దాటి, చెంబు అందుకో" అన్నాను. మొదటి రెండు రోజులు మూలిగింది. మూడో రోజు లేచేముందు తనకి తెలియకుండానే ఒక ఊపిరి తీసుకుంది, అరచెయ్యి నేలకి ఆనించి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం చాలు. తర్వాత సంచులు విప్పేసినా అది ఒంట్లో ఉండిపోయింది.

పోలిక గురించి కూడా ఒక మాట. మేకప్‌తో మొహం దగ్గరికి తేవాలా అని యూనిట్‌లో చర్చ వచ్చింది. నేను వద్దన్నాను. 2019లో వచ్చిన 'యాత్ర'లో మమ్ముట్టి వైఎస్ రాజశేఖరరెడ్డిలా ఉండరు. అలా మాట్లాడాలని కూడా చూడలేదు. తెలుగు తన గొంతుతోనే చెప్పుకున్నారు. చేవెళ్లలో మొదలైన 2003 పాదయాత్ర నడిచిన మనిషి, ఎదురొచ్చినవాళ్ళ మాట ఎంత ఓపిగ్గా వింటాడో చూపించారు. రోజూ టీవీలో చూసిన నాయకుడి విషయంలోనే అది సాధ్యమైతే, మా నటిని చూసినవాళ్ళు రెండు మూడు జిల్లాల్లో ఉంటారేమో. బట్టల విషయంలో మాత్రం పట్టుబట్టాను. 'మహానటి'కి కాస్ట్యూమ్స్‌కి కూడా జాతీయ అవార్డు వచ్చింది, ఊరికే రాలేదు. నేత చీర బరువు నడకని మారుస్తుంది. సింథటిక్ చీర కట్టి 1960ల నడక నడవమంటే ఎవరికీ రాదు. రిహార్సల్స్ అన్నీ ముతక నూలు చీరలోనే చేయించాను.

ఒక విషయం మాత్రం నేను పరిష్కరించలేకపోయాను. స్క్రిప్టులో భర్తతో గొడవ సీను ఉంది. కూతురుగారికి అది ఇష్టం లేదు. "మా నాన్న అంత చెడ్డవాడు కాదు" అన్నారు. 'మహానటి' వచ్చినప్పుడు కూడా సావిత్రి భర్త జెమినీ గణేశన్‌ని చూపించిన తీరు మీద ఆయన కుమార్తె డాక్టర్ కమలా సెల్వరాజ్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఒకరి జీవితం తీస్తే ఇంకో నలుగురి జీవితం అందులో ఉంటుంది, వాళ్ళకి మాట్లాడే అవకాశం సినిమాలో ఉండదు. సీను ఉంచాలా తీసేయాలా అన్నది దర్శకుడి నిర్ణయం. అమ్మాయి నన్ను అడిగితే, "ఆ సీనులో అతని మీద నువ్వు తీర్పు చెప్పకు. అతను మారతాడని ఇంకా నమ్ముతున్న మనిషిగా మాట్లాడు" అన్నాను. అలాగే చేసింది. సీను కొంచెం మెత్తబడింది. కూతురుగారికి బాధ తగ్గిందని మాత్రం చెప్పలేను.

షూటింగ్‌లో తాళం సీను రెండో రోజే పెట్టారు. సెట్‌కి నేను వెళ్ళాను. తెల్లవారుజామున 3 గంటల సీనుకి రాత్రి 11కి లైట్లు పెట్టారు. అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చింది. కనుబొమ దగ్గర కొంచెం రంగు ఉంచుకుంది, అది మేకప్ మనిషిని అడిగి పెట్టించుకుందట. కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది. ఎడమచేత్తో కొంగు ముడి విప్పబోయింది, రాలేదు. పంటితో లాగి తాళంచెవి తీసి, ఎడమచేత్తోనే తలుపు తీసింది. స్క్రిప్టులో అదేమీ లేదు, "తలుపు తీసి లోపలికి వస్తుంది" అని ఒక్క ముక్క ఉంది. రెండో టేక్ తీయలేదు.

గిన్నె సీను ఆ తర్వాత వారం తీశారు. అన్నం వండి, అరుగు మీద ఆడుకునే పిల్లల కోసం గరిటె అందుకుంటుంది. నాకు ఆ సీను చాలా ఇష్టం. మాట లేదు, పాట లేదు, ఆ రాత్రి వందల మందికి వినిపించిన గొంతు ఇంట్లో లోపలే ఉండిపోతుంది.

ఎడిటింగ్ జరుగుతుండగా కూతురుగారిని పిలిచి కొన్ని సీన్లు చూపించారు. నేనూ అమ్మాయీ వెనక కూర్చున్నాం. తాళం సీను అయిపోయింది, ఆవిడ ఏమీ అనలేదు. చేట సీనులో ఏ పద్యమో గుర్తుపట్టి పెదాలు కదిపారు. గిన్నె సీను రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు. మళ్ళీ వేయించుకుని చూశారు.

"అమ్మ రెండుసార్లే కొట్టేది. ఈ పిల్ల మూడుసార్లు కొట్టింది" అన్నారు.

మళ్ళీ షూట్ చేసే వీలు లేదు, సెట్ తీసేశారు. ఎడిటర్ వెనక్కి తిప్పి, మూడో దెబ్బ పడకముందే పిల్లాడి మొహం మీదికి కట్ చేశారు.